మూడో అంతస్తు మనవి

ఈ శనివారం పొద్దున మెట్లమ్మ టీ కెటిలు మూతకి గుడ్డపీలిక చుట్టింది. ఆ మూత మొదటినుంచీ వదులే. అడుగు వేస్తే చాలు టకటకలాడుతుంది. ఏళ్ళ తరబడి ఆ చప్పుడే ఆ మేడకి గంట. అది వినపడగానే తలుపులు తెరుచుకునేవి, ఎవరి కప్పు వాళ్ళు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. పరాయివాళ్ళ పాత్రలో తాగనివాళ్ళు కొందరు, తాగినా మొహమాటపడేవాళ్ళు కొందరు. ఎవరి కప్పు వాళ్ళదైతే పేచీ లేదు. ఆ పద్ధతి మెట్లమ్మ పెట్టిందే. ముందు తిన్నగా మూడో అంతస్తుకి ఎక్కి, అక్కణ్ణుంచి ఒక్కో గుమ్మం దగ్గర ఆగి పోస్తూ కిందికి దిగేది. ఈ వారం కిందినుంచి మొదలుపెట్టింది. రెండో అంతస్తు దాకా పోసి, పైకి ఒకసారి చూసి, వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చేసరికి కెటిల్లో ఒకరికి సరిపడా టీ మిగిలి ఉంది. దాన్ని తాగనూ లేదు, పారబొయ్యనూ లేదు.

మెట్లమ్మ అన్నది ఆ మేడ పిల్లలు పెట్టిన పేరు. ఎప్పుడు చూసినా మెట్ల మీదే కనపడేది కదా, ఆ పేరే నిలిచిపోయింది. ఆమె భర్త కొళాయిల మేస్త్రీ. ఆ మేడలో ఆయన చెయ్యి పడని కొళాయి లేదు. "ఊళ్ళోవాళ్ళ కొళాయిలన్నీ బిగిస్తావు, ఇంట్లో కెటిలు మూత మాత్రం నీ కంటికి ఆనదు" అని ఆమె దెప్పితే, "బిగిస్తే నీ గంట పోతుందే పిచ్చిదానా" అనేవాడు. పోయినేడు వానాకాలంలో, ఎవరింట్లోనో తొట్టి కింద వంగి పనిచేస్తూ గుండె పట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. ఆ మూత అట్లాగే ఉండిపోయింది.

ఆ మేడలో గుమ్మానికో భాష. ఒక ఇంట్లో తాలింపు వేస్తే పక్కింట్లో తుమ్ములు. ఒకరి ప్రార్థన వేళకి ఇంకొకరి నిద్ర చెడేది. మేస్త్రీకి ఏ భాషా సరిగ్గా రాదు. అన్ని భాషల్లోనూ "నీళ్ళు వస్తున్నాయా?" అనడం మాత్రం వచ్చు. అంతే పెట్టుబడిగా ఆయన అందరి ఇళ్ళలోకీ వెళ్ళాడు. "ముందు కొళాయి, తరవాత దేవుడి వాక్యం. నీళ్ళు కారిపోతుంటే వాక్యం ఎవడి చెవిన పడుతుంది?" అనేవాడు. చాలా ఇళ్ళలో ఆ తరవాత అన్నది రానేలేదు. ఆయనకి దాని గురించి దిగులూ లేదు.

వాళ్ళ సంఘం పాస్టరు మేస్త్రీ ఇంటికి వచ్చినప్పుడు కుర్రవాడు. చేతిలో ఒక సంచీ, మెడలో ఒక మఫ్లరు, గొంతు మాత్రం బంగారం. మేస్త్రీ దంపతులకి పిల్లలు లేరు. ముందుగదిలో మంచం వేసి ఇచ్చారు. మెట్లమ్మని అక్కా అన్నాడు, మేస్త్రీని బావా అన్నాడు. ఆ ముందుగదిలోనే నలుగురితో ఆదివారం కూడిక మొదలైంది. జనం పెరిగాక మేడ కిందనున్న పాత సైకిళ్ళ రిపేరు గది ఖాళీ అయితే, మేస్త్రీ తానే నూనె మరకలు గీకి, సున్నం కొట్టి, దాన్ని హాలు చేశాడు. కుర్చీలు గుండ్రంగా వేసేవాడు. ఒక్కొక్కరు ఒక్కో భాషలో పాడుతుంటే ఎదురెదురుగా ఒకరి పెదాలు ఒకరు చూసుకోవాలని ఆయన ఉద్దేశం. పాస్టరుకి పెళ్ళి చేసింది వీళ్ళే. వచ్చిన పిల్ల మెట్లమ్మని వదినా అంది. అందరిముందూ వాళ్ళిద్దరూ అయ్యగారు, అమ్మగారు. మెట్లమ్మ వంటింట్లో మాత్రం తమ్ముడు, అమ్మాయి.

వాళ్ళ సంఘంలో ఒక అలవాటుంది. ఎవరికి కష్టమొచ్చినా తోటివాళ్ళకి చెప్పుకుని, ప్రార్థన చెయ్యమని అడుగుతారు. దాన్ని మనవి అంటారు. జ్వరాలు, పరీక్షలు, తాగుబోతు మొగుళ్ళు, రాని ఉద్యోగాలు, అన్నీ మనవులే. మేస్త్రీకి ఆ అలవాటంటే ప్రాణం, దానితోపాటు భయం కూడా. "మనవికి పేరు పెట్టకండి. దేవుడికి చిరునామా అక్కర్లేదు. చిరునామా అడిగేది మనుషులే" అని గుండ్రం కుర్చీల మధ్య నిలబడి చెప్పేవాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ "ఒక సహోదరి", "ఒక కుటుంబం" అనే ప్రార్థించారు.

ఆయన పోయిన తరవాత మెట్లమ్మ మెట్లెక్కడం మానేస్తుందనుకున్నారు. మానలేదు. ఇంట్లో కూర్చుంటే గోడకి తగిలించిన ఆయన పనిసంచీ కనపడుతుంది. అందుకని ఇంకాస్త ఎక్కువే ఎక్కేది. ఆ రోజుల్లోనే మూడో అంతస్తు చివరిగదిలోకి కుట్టుపనావిడ దిగింది. ఇద్దరు ఆడపిల్లలు, ఒక మిషను, ఒక పరుపు. తలుపుకి ఆకుపచ్చ రంగు. భాష వేరు, మతం వేరు. పలకరిస్తే తలుపు సందులోంచి ఒక కన్ను కనపడేది, అంతే. మెట్లమ్మ ప్రతి శనివారం ఆ గుమ్మం ముందు కెటిలు దించి, మూత ఒకసారి ఎత్తి వేసి, కాసేపు నిలబడి వచ్చేసేది.

ఒకరోజు తలుపు తెరుచుకుంది. చిన్నపిల్ల కప్పు చాపింది. ఆ వెనకనుంచి తల్లి గొంతు.

"ఎందుకొస్తావు రోజూ?"

"రోజూ కాదమ్మా, వారానికోసారి."

"ఏం కావాలి నీకు?"

"చలికి కాస్త నిలబడ్డానంతే. నా కాళ్ళు కూడా అడుగుతున్నాయి, ఎందుకెక్కుతావే ముసలీ అని."

కుట్టుపనావిడ నవ్వలేదు గానీ కుర్చీ లాగింది. అట్లా మొదలైంది. వారాలు గడిచాక ఆమె మిషను తొక్కుతూ, తల ఎత్తకుండా, తన సంగతి చెప్పింది. మొగుడు కొట్టేవాడట. చివరిసారి పెద్దపిల్ల మీద చెయ్యి పడితే, చీకటి విడవకముందే ఇద్దర్నీ తీసుకుని వచ్చేసింది. వాడు వెతుకుతున్నాడు. వాడి వాళ్ళు ఈ పట్నంలో కూడా ఉన్నారు. ఆకుపచ్చ తలుపు వెనక ఎవరున్నారో ఎవరికీ తెలియకూడదు.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇన్నాళ్ళూ అందుకే నోరు కుట్టేసుకున్నా. నీకే చెప్పానక్కా" అంది.

"నా దగ్గరే ఉంటుందమ్మా" అంది మెట్లమ్మ.

ఆ మాట మనసులోంచే వచ్చింది.

అదే రోజుల్లో హాలుకి కొత్త బల్ల వచ్చింది. నెలకోసారి ప్రభువు బల్ల మీద రొట్టె, ద్రాక్షరసం పెట్టే రోజు పాత గుడ్డ చాలడంలేదు. మెట్లమ్మ తెల్లగుడ్డ తెచ్చి అంచు కుట్టడానికి తంటాలు పడుతుంటే కుట్టుపనావిడ చూసి లాక్కుంది.

"ఇట్లా కుడితే మీ దేవుడు జారి పడతాడు. ఇటివ్వు. నేను కుడితే మీవాళ్ళకి పర్లేదా?"

"కుట్టు తిన్నగా ఉంటే మా దేవుడికి ఏ చెయ్యైనా పర్లేదు."

అప్పుడు నవ్విందావిడ. మిషను మీద కాదు, చేత్తోనే కుడతానంది. తీరిక దొరికినప్పుడల్లా చిన్న చిన్న కుట్లు వేసేది. పిల్లలు కప్పులు ముందు పెట్టుకుని చూస్తుండేవాళ్ళు.

ఇక అసలు సంగతి. పాస్టరు భార్య ఒక సాయంత్రం మెట్లమ్మ వంటింట్లో గిన్నెలు తుడుస్తూ కూర్చుంది. మెట్లమ్మ గుండెలో మోస్తున్నది ఇంటి నిండా ఒంటరితనం, దాని మీద ఈ భయం. మేస్త్రీ ఉండి ఉంటే ఆయనకి చెప్పుకునేది. ఆయన లేడు.

"ఒక తల్లి కోసం ప్రార్థన చెయ్యి అమ్మాయ్. బిడ్డలతో దాక్కుని ఉంది" అంది.

"ఎవరు వదినా?"

"పేరెందుకులే."

"పేరొద్దు వదినా. ఎవరో కాస్త తెలిస్తే మనసులో భారం పెట్టుకుని చేస్తాను. గాల్లోకి ప్రార్థన చేసినట్టుంటుంది లేకపోతే."

భారం అన్న మాట దగ్గర మెట్లమ్మ మెత్తబడింది. మొగుడు పోయినప్పుడు ఈ పిల్లే రాత్రింబవళ్ళు భారంతో ఏడ్చింది. "పైన, మూడో అంతస్తు" అని మాత్రం చెప్పింది. ఆ తరవాత ఆ పిల్ల అడిగిన రెండు మూడు మాటలకి జవాబు కూడా చెప్పింది. పెదవి దాటితే పృథివి దాటుతుందన్న సామెత ఆమెకి తెలియనిది కాదు. అది పెదవి దాటడం కాదనుకుంది, ప్రార్థన అనుకుంది.

పోయిన ఆదివారం హాల్లో కుర్చీలు వరసలుగా వేసి ఉన్నాయి. దూరం నుంచి సంఘం పెద్దలు కొందరు వచ్చారు. ఇన్ని భాషల పేటలో సేవ ఎట్లా జరుగుతోందో చూసిపోతారని, నచ్చితే పెద్ద హాలుకి సాయం చేస్తారని అనుకున్నారు. మెట్లమ్మ అందరికీ నీళ్ళిచ్చి వెనకవరసలో కూర్చుంది. పాస్టరు మైకు పట్టుకున్నాడు. ఆ బంగారుగొంతు ఇప్పుడు ఇంకా నిండుగా ఉంది.

"సరిగ్గా మన పైనే, ఈ మేడలోనే, మూడో అంతస్తులో ఒక సహోదరి ఉంది" అన్నాడు.

మెట్లమ్మ తల ఎత్తింది.

"భర్త చేతిలో దెబ్బలు తిని, ఇద్దరు ఆడబిడ్డలతో పారిపోయి వచ్చింది. బట్టలు కుట్టి బతుకుతోంది. ఆకుపచ్చ తలుపు వెనక భయంతో దాక్కుంది. మా అక్క వెళ్ళి ఆ తలుపు తట్టింది. ఈరోజు ఆ సహోదరి ప్రభువుని నమ్ముకుంది. మన బల్ల మీద పరిచే గుడ్డని తన చేతులతో కుడుతోంది."

అందరూ చప్పట్లు కొట్టారు. ముందువరసలో ఒకాయన ఫోను ఎత్తి పట్టుకుని మొత్తం వీడియో తీశాడు. పాస్టరు వెనకవరస వైపు చెయ్యి చాపితే అందరూ తిరిగి మెట్లమ్మని చూసి మళ్ళీ చప్పట్లు కొట్టారు. చెవుల్లో వేడినీళ్ళు పోసినట్టయింది. లేచి అరవాలనుకుంది. ఆమెకి అరవడం చేతకాదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని, అవి తనవి కానట్టు చూస్తూ కూర్చుంది.

కొళాయిలో నీళ్ళైనా తిప్పితే ఆగుతాయి. ఫోనులో పడ్డది ఆగుతుందా? సాయంత్రానికే ఆ వీడియో సంఘం ఫోనుల్లో తిరిగింది. అక్కణ్ణుంచి ఎవరి చుట్టాలకో, ఆ చుట్టాల పనివాళ్ళకో వెళ్ళింది. బుధవారం నాడు మెట్లమ్మ ఉల్లిపాయలకని మేడ ముందున్న చిల్లరకొట్టుకి వెళ్తే, కొట్టాయన తూకం ఆపి ఆమె వైపు చూశాడు. ఆయనదీ వేరే భాష, వేరే దేవుడు. ఆయన కొట్టు వెనక పంపు మేస్త్రీ వేసిందే.

"ఒకడొచ్చాడు. ఆకుపచ్చ తలుపు ఎక్కడ, మూడో అంతస్తు కుట్టుమనిషి ఎక్కడ అని అడిగాడు" అన్నాడు.

మెట్లమ్మ వెనక్కి తిరిగి మేడ పైకి చూసింది.

"ఖాళీ చేసి పోయిందని అబద్ధం చెప్పాను. నమ్మినట్టు లేడు. మళ్ళీ వస్తాడు."

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అంది ఆమె.

"మీ దేవుడా?" అని ఉల్లిపాయలు సంచీలో పోశాడు కొట్టాయన. "వద్దులేమ్మా. మీ దేవుడి మైకు బాగా గట్టిది."

ఆ మాట ఆయన కసిగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. మెట్లమ్మ ఉల్లిపాయల సంచీ కొట్టు బల్ల మీదే మరిచిపోయి పైకి పరిగెత్తింది. కాళ్ళు సహకరించే వయసు కాదు. మూడో అంతస్తు మలుపు దగ్గర వాళ్ళు ఎదురొచ్చారు. కుట్టుపనావిడ మిషను తలభాగం దుప్పట్లో చుట్టి చంటిపిల్లలా ఎత్తుకుంది. పెద్దపిల్ల నెత్తిన పరుపు. చిన్నదాని వేలికి కప్పు వేలాడుతోంది. కొట్టాయన ముందే కబురు పంపినట్టున్నాడు.

మెట్లమ్మ అడ్డం నిలబడిపోయింది. "ఎక్కడికమ్మా?" అంది.

"నీకు చెప్పమంటావా?"

మెట్లమ్మ గోడకి చేరగిలబడింది.

"నీకు చెప్పానక్కా. నువ్వు పోయి నీ దేవుడికి చెప్పుకున్నా నాకేం బాధ లేదు. ఆయన ఇంకొకరికి చెప్పడుగా. మైకుకి ఎందుకు చెప్పావు?"

"నేను మైకుకి చెప్పలేదమ్మా. ప్రార్థన చెయ్యమని ఒక్కరికే..."

"నేనూ ఒక్కరికే చెప్పాను."

కుట్టుపనావిడ మిషను భుజం మార్చుకుంది. "మీ మతంలో కలిశానని కూడా చెప్పారట. మావాళ్ళలో నాకంటూ మిగిలిన ఒకరిద్దరు కూడా ఇక నన్ను గుమ్మం తొక్కనివ్వరు. తెలుసా నీకు? పోనీ, కలిసినా కలుద్దునేమో. ఎవరూ నన్ను అడగనైనా లేదు."

సంచీలోంచి తెల్లగుడ్డ తీసి మెట్లమ్మ చేతిలో పెట్టింది. మడత చక్కగా ఉంది. "సగం అయింది. మిగతాది నా చేత కాదు" అంది. సూది ఆ అంచులోనే గుచ్చి ఉంది.

దాటి వెళ్తూ చిన్నపిల్ల, "ఇవాళ శనివారమా?" అని అక్కని అడిగింది. అక్క దాని చెయ్యి లాగింది. వాళ్ళ అడుగుల చప్పుడు కిందిదాకా వినపడింది, తరవాత వీధిలో కలిసిపోయింది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత. ఎవరు ఎవర్ని నమ్మారు, ఎవరి గింజలు పుచ్చాయి? ఆ మెట్ల మీద కూర్చుని మెట్లమ్మ అదే ఆలోచించింది. ఆవిడ తనని నమ్మింది. తాను ఆ పిల్లని నమ్మింది. ఆ పిల్ల మొగుణ్ణి నమ్మింది. వరసలో ఎవరూ శత్రువులు కారు. అయినా ఒక తల్లి బిడ్డ నెత్తిన పరుపు పెట్టి వీధిన పడింది.

ఆ సాయంత్రం ఆమె పాస్టరు ఇంటికి వెళ్ళింది. సంగతి విని ఆయన మొహం నిజంగానే వాడిపోయింది. కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"అక్కా, నేను పేరు చెప్పలేదు" అన్నాడు.

"పేరొక్కటే చెప్పలేదు తమ్ముడూ."

"దేవుని మహిమ కోసం చెప్పాను. నాకోసం కాదు."

"ఆమె హాలు గుమ్మం కూడా తొక్కలేదే. నమ్ముకుందని ఎట్లా అన్నావు?"

"విశ్వాసంతో అన్నాను. జరగబోయేదాన్ని జరిగినట్టే ముందుగా చెప్పుకోవడం మనకి కొత్తా?"

"నువ్వు విశ్వాసంతో అన్నావు. వాడు చెవులతో విన్నాడు."

పాస్టరు తల పట్టుకున్నాడు. "వచ్చినవాళ్ళకి నేనేం చూపించను అక్కా? ఇన్నేళ్ళు ఈ పేటలో ఏం చేశారంటే, కొళాయిలు బిగించాం, కెటిల్తో టీ పోశాం అని చెప్పనా? అది సేవంటే ఎవరు ఒప్పుకుంటారు?"

"మీ బావ ఒప్పుకున్నాడు."

"బావ పోయాడక్కా" అన్నాడు పాస్టరు, నెమ్మదిగానే.

ఆ ఇంటి తలుపు వెనక పాస్టరు భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "ప్రార్థన చేస్తారనే ఆయనకి చెప్పాను వదినా" అంది. మెట్లమ్మ ఆ పిల్ల తల మీద అలవాటు కొద్దీ చెయ్యి వేసింది. వెంటనే తీసేసింది. వానాకాలంలో మొగుణ్ణి మోసుకెళ్ళినప్పుడు కూడా ఆమెకి ఇంత ఒంటరిగా అనిపించలేదు. అప్పుడు వీళ్ళున్నారు.

"ఆమె కోసం ప్రార్థన చేస్తాను" అన్నాడు పాస్టరు గుమ్మం దాకా వచ్చి.

"చెయ్యి నాయనా. లోపల తలుపేసుకుని చెయ్యి."

ఇవాళ శనివారం. కెటిల్లో మిగిలిన టీ చల్లారి మీగడ కట్టింది. రేపు బల్ల రోజు. చూసిపోయిన పెద్దలు మళ్ళీ వస్తున్నారు. సాయంత్రం పాస్టరు భార్య గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు చూస్తూ, "వదినా, గుడ్డ..." అంది.

"ఉతికాను. ఇస్త్రీ చేశాను."

"అంచు సగమే ఉందట కదా. ఇంకెంత, గంట పని. నన్ను కుట్టమంటారా?"

"నేను చూసుకుంటాలే, వెళ్ళు."

ఆ పిల్ల వెళ్ళాక మెట్లమ్మ హాలు తాళం తీసింది. ఊడ్చింది. వరసలుగా ఉన్న కుర్చీల్ని ఒక్కొక్కటే ఈడ్చి గుండ్రంగా వేసింది. అది మేస్త్రీ పని. నడుం నొప్పి పెట్టింది, మధ్యమధ్య ఆగి ఆగి వేసింది. తరవాత బల్ల తుడిచి, గుడ్డ పరిచింది. ఒకవైపు అంచు, దగ్గర దగ్గరగా, చీమలు బారు తీరినట్టు, చిన్న చిన్న కుట్లు. అవి సరిగ్గా సగానికొచ్చి ఆగాయి. అక్కడ సూది. అక్కణ్ణుంచి గుడ్డ పోగులు లేచిన పచ్చి అంచు.

కుర్చీ లాక్కుని కూర్చుని సూది చేతిలోకి తీసుకుంది. దారం ఇంకా ఉంది. తన కుట్లు వంకరే గానీ, కుట్టలేనిది కాదు. రెండు వేళ్ళతో అంచు మడిచింది కూడా. ఆ మడతని కాసేపు పట్టుకుని, వదిలేసింది.

సూదిని దారంలోంచి జార్చి తన జాకెట్టుకి గుచ్చుకుంది, ఎవరి చేతికీ గుచ్చుకోకుండా. దారాన్ని తెంపలేదు. గుడ్డని తిప్పి, పచ్చి అంచు జనం కూర్చునే వైపుకి వచ్చేట్టు సర్ది, దీపం ఆర్పి, తాళం వేసుకుని పైకెక్కింది.